గుంటూరు గ్రహణం నుండి మన మందుల డబ్బా దాకా
(మైపాడులో జరిగిన పెన్షనర్ల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ముందు నాకిచ్చిన సమయం పదిహేను నిమిషాలు. విషయం మాత్రం "విజ్ఞానశాస్త్ర పరిశోధనలు" అని పెద్దదే ఇచ్చారు. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. గుమాస్తాగా చేరి ఫైళ్ల మధ్య రిటైరైనవాణ్ణి. కాబట్టి భౌతికం, రసాయనం, జీవకణం, ఖగోళం అంటూ నాలుగు ఫైళ్లూ విడివిడిగా విప్పను. తెలుగునేలతో సంబంధమున్న రెండు సంగతులు చెబుతాను. రెండూ చివరకు మన ఇళ్లలోకి వచ్చినవే.

మొదటిది 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ నీడ మన కోస్తా మీదుగా పోయింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సు నుండి జాన్సెన్ గారు గుంటూరు వచ్చి మకాం వేశారు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ గారు బందరులో ఉన్నారు. వారికి కావలసింది చంద్రుడు అడ్డుపడ్డాక సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగు. ఆ వెలుగును గాజు పట్టకం గుండా పంపితే రంగుల గీతలుగా విడిపోతుంది. ఏ మూలకం గీతలు ఆ మూలకానివే. లైఫ్ సర్టిఫికెట్టుకు మనం వేలు పెడితే మిషను మనిషిని గుర్తుపట్టినట్టు, గీతను చూసి పదార్థాన్ని గుర్తుపట్టవచ్చు. మన వేళ్లు అరిగిపోయి మిషను ఒప్పుకోకపోవచ్చు గాని, ఆ గీతలు అరగవు.

అందులో ఒక పసుపు గీతను మొదట సోడియానిదే అనుకున్నారు. చూడగా, చోటు సరిపోలేదు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గారు గ్రహణం లేకుండానే ఆ గీతను పట్టి, ఇది భూమి మీద తెలిసిన దేనిదీ కాదన్నారు. దానికే హీలియం అని పేరు వచ్చింది. హీలియం గుంటూరులో కనిపెట్టారని మనవాళ్లు గట్టిగా చెప్పుకుంటారు. నా మటుకు నాకు అది సగమే నిజం. ఫైలు గుంటూరులో, బందరులో మొదలయింది. నోటు రాసింది లాకియర్. 1895లో రామ్సే గారు ఒక ఖనిజం నుండి ఆ వాయువును రాబట్టి చూపాకే ఫైలు మూతపడింది. ఇరవైఏడేళ్లు పెండింగు! ఊరికే మన ఆఫీసులనే అంటారు గాని.

అంత కష్టపడి పట్టుకున్న వాయువు దేనికి పనికివచ్చింది? మనలో నడుము నొప్పికో, తలలో నరానికో ఎం.ఆర్.ఐ. తీయించుకోనివారు తక్కువ. ఆ గుండ్రటి యంత్రంలో ఉండే పెద్ద అయస్కాంతాన్ని సున్నాకు దిగువ 269 డిగ్రీల చలిలో ఉంచేది ద్రవ హీలియమే. గ్రహణం చూడవచ్చినవారెవరికీ ఈ సంగతి కలలోనైనా తోచి ఉండదు.

ఇదే తీరం వెంట దక్షిణానికి పోతే శ్రీహరికోట. 2022లో అది తిరుపతి జిల్లాలోకి పోయింది గాని, సముద్రం మనదే. రాత్రి ప్రయోగాలప్పుడు ఈ ఇసుకలో నిలబడి ఆ వెలుగు చూసినవారు మనలో ఉన్నారు. అక్కడి నుండే 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 బయలుదేరి, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన స్థానానికి చేరింది. సూర్యబింబాన్ని తానే కప్పేసుకుని చుట్టూ ఉన్న వెలుగును చూసే పరికరం అందులో ఉంది. జాన్సెన్ గారికి గ్రహణం కొద్ది నిమిషాలే దొరికింది. దీనికి గ్రహణం కోసం కాచుకునే పని లేదు.

ఇక రెండవది. రామ్సే గారు హీలియం పట్టిన 1895లోనే, జనవరి 12న, భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. స్ప్రూ అనే ఉదరవ్యాధి వారి సోదరులిద్దరిని పొట్టనపెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్లారు. ఫిస్కే గారితో కలిసి హార్వర్డులో కండరాలను పరిశోధించి, కణానికి శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని గుర్తించారు. నేనీ చెయ్యి ఎత్తినా, మీరు చప్పట్లు కొట్టినా ఖర్చయ్యేది అదే. తర్వాత లెడర్లీ కంపెనీలో వారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు పనికివచ్చే మందు అది. బోదకాలుకు వాడే డి.ఇ.సి. బిళ్ల కూడా అక్కడిదే. 2004 నుండి కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పంచినది ఆ బిళ్లనే. వారు 1948 ఆగస్టులో పోయారు. వయసు 53.

ఆ బృందం నుండే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఇది ఫోలిక్ ఆమ్లం పోలికతో కణంలోకి దూరి, దాని పని జరగనివ్వదు. అందుకే క్యాన్సరుకు వాడారు. తక్కువ మోతాదులో కీళ్లవాతానికి ఇస్తారు. దీని గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. కీళ్లవాతానికి ఈ బిళ్ల వారానికి ఒక్కసారే. రోజూ కాదు. మనకు తెలిసిన ఒక పెన్షనరు మిగతా బిళ్లలతో పాటు దీన్నీ రోజూ వేసుకున్నారు. వారం తిరగకముందే నోరంతా పూసింది, రక్తకణాలు పడిపోయాయి. కోడలు చీటీ తీసి చదవబట్టి ఆసుపత్రికి చేరారు, బతికారు. కొందరు బతకలేదని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. దీనితో పాటు డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం కూడా రాస్తారు. రెండూ చిన్న పసుపు బిళ్లలే కావచ్చు, అక్కడే పొరపాటు జరుగుతుంది. ఏది ఏ రోజో డాక్టరుగారినే అడగాలి. అనుమానముంటే వేసుకోకుండా ముందు ఫోను చేయాలి.

భోజనాలయ్యాక నేనా వేపచెట్టు కింద కూర్చుంటాను. ఈ మందు వాడేవారు చీటీ, బిళ్లల అట్ట తెచ్చుకుని ఉంటే నా దగ్గరకు రండి. డాక్టరుగారు రాసిన వారం పేరు అట్ట మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాసిపెడతాను. పెన్ను తెచ్చుకున్నాను.