ఆటలయందు గురువాక్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సాయంకాలమున గ్రంథాలయమునకు వచ్చి పత్రికలు చదువు పెద్దలలో పలువురు పిమ్మట మైదానమునకు బోయి పిల్లల చెడుగుడు చూచుచుందురు. చూచుచుందురనుట కంటె అరచుచుందురనుట సత్యమునకు సమీపము. కూతకు వెళ్లిన బాలుడు నడిమిగీత దాటునంతలో “వంగరా”, “కాలు చాపరా”, “వెనుక చూడరా” అని పది గొంతులు లేచును. ఊపిరి బిగబట్టి కూత పలుకువాడు ఎవరి మాట వినవలెను? వాడు పట్టుబడును. వెంటనే “వీనికి ఆట రాదు” అను తీర్పు వెలువడును. ఇట్టి తీర్పులు రెండు మూడు విన్న పిల్లలు మైదానమునకు వచ్చుటయే మానుదురు. బాలికలైనచో ఇంటివారే మాన్పింతురు. ఆట రానిది పిల్లలకా, చెప్పుట రానిది పెద్దలకా అనునది విచారింపదగిన విషయము.

ద్రోణాచార్యుడు చెట్టుకొమ్మపై కృత్రిమపక్షిని నిలిపి శిష్యులను పరీక్షించిన కథ అందరెరిగినదే. క్రీడాశిక్షకులకు భారత ప్రభుత్వము 1985 నుండి ఇచ్చుచున్న పురస్కారమునకు ఆయన పేరే పెట్టిరి. ఆ కథ ఏకాగ్రతను బోధించునని చెప్పి విడుచుట పరిపాటి. కాని ఆచార్యుడు అడిగిన ప్రశ్నను గమనింపుడు. నీ మోచేయి ఎట్లున్నది, భుజమెక్కడ నున్నది అని ఆయన అడుగలేదు. నీకేమి కనబడుచున్నదని అడిగెను. మోచేతి సంగతి అంతకు పూర్వమే అభ్యాసమున తీరినది. విల్లెక్కుపెట్టిన క్షణమున దృష్టి దేహముపై గాక లక్ష్యముపై నుండవలెను.

ఈ సంగతిని ఇటీవలి శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. 1998లో గాబ్రియెల్ వుల్ఫ్ అను విదుషియు ఆమె సహచరులును, మంచుపై జారు క్రీడను పోలిన యంత్రముపై కొందరికి శిక్షణ నిచ్చిరి. పాదముతో బలముగా నొక్కుమని కొందరికి, పాదము క్రింది చక్రములను నొక్కుమని మరికొందరికి చెప్పిరి. మాటలో భేదము వెంట్రుకవాసి. అయినను చక్రముల మాట విన్నవారే మేలుగా నేర్చిరి. 2010లో అమెరికాలో మరియొక బృందము 120 మంది విద్యార్థులచే నిలుచున్న చోటి నుండి దూకించెను. మోకాళ్లను వేగముగా చాపుడని విన్నవారు సగటున 177 సెంటీమీటర్లు దూకిరి. గీతకు వీలైనంత దూరముగా దూకుడని విన్నవారు 187 దూకిరి. ఇట్టి లాభమెంత యనుటలో పండితులకు భేదాభిప్రాయములు లేకపోలేదు. ఖర్చు మాత్రము ఒక్క వాక్యమే గదా!

మంచి శిక్షకుడు ఎట్లు మాటలాడునో తెలియగోరువారికి జాన్ వుడెన్ చరిత్రము మిక్కిలి ఉపకరించును. ఈయన లాస్ ఏంజెలిస్ నగరమందలి విశ్వవిద్యాలయములో బాస్కెట్‌బాల్ నేర్పెను. 1964 మొదలు 1975 వరకు 12 ఏండ్లలో ఈయన జట్టు 10 మారులు జాతీయ విజేత యయ్యెను. ఆ చివరి సంవత్సరమున థార్ప్, గాలిమోర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు అభ్యాసవేళలలో కూర్చుండి ఆయన బోధనలను ఒక్కొక్కటిగా లెక్క వ్రాసిరి. మొత్తము 2,326. ఊరి లెక్కలు వ్రాయువారు సైతము తల యూపదగిన ఓపిక! వానిలో నూటికి సుమారు 75 ఏమి చేయవలెనో, ఎట్లు చేయవలెనో తెలుపునవి. మెప్పు నూటికి 7నకు లోపు. ఒట్టి తిట్లును అంతే. తప్పు కనబడినచో ఆయన ముందు ఒప్పును చూపును, ఆటగాడు చేసిన తప్పును చూపును, మరల ఒప్పును చూపును. అది కొద్ది క్షణముల పని. ఉపన్యాసము లేదు. ఏటేట తొలిపాఠము మేజోళ్లు ముడుత లేకుండ తొడుగుకొనుట! ముడుత వలన బొబ్బ, బొబ్బ వలన ఆట నష్టము.

ఏకలవ్యునికి ఎవరు చెప్పిరని అడుగువారు గలరు. మట్టిప్రతిమ యెదుట నేర్చినవాడు ఒక్కడు. గురుముఖమున నేర్చినవారు కురుపాండవులే నూటయైదుగురు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి యున్నది. గురువు వలదని ఏకలవ్యుడు అడవికి పోలేదు. గురువు కాదన్నందున పోయెను. కనుక ఆ కథ గురువు అక్కరలేదనుటకు సాక్ష్యము గాదు. చెప్పవలసినవారు కాదన్న పిల్లవాని కథ అది. అట్టి పిల్లలు ప్రతి యూరనున్నారు.

ఇక చెడుగుడు మాట. “కాలు చాపు” అనుటకు బదులు “ఆ మూలవాని మోకాలు తాకి రమ్ము” అనవచ్చును. అదియు కూతకు పోకముందే, ఒక్కరే చెప్పవలెను. తిరిగి వచ్చినవానిని ముందుగా “నీకేమి కనబడినది?” అని అడుగవలెను. వాడు చెప్పినదానిలోనే తప్పు చిక్కుట కలదు. మొదటి దినముననే వచ్చినవానికి నిలువవలసిన తీరు, పడవలసిన తీరు చేసి చూపక తప్పదు. దెబ్బ తగులకుండ పడుట మాటలతో రాదు. దూకు పిల్లలకు మోకాళ్ల సంగతి యెత్తక, ఇసుకలో ఒక చేతిరుమాలు పరచి దానిని దాటుమనిన చాలును.

సందేహము గలవారు రేపు సాయంకాలము సున్నముతో గీత గీసి, పిల్లలను రెండు విధములుగను దూకించి, టేపుతో కొలిచి చూడవచ్చును. టేపు పట్టుటకు ఇద్దరు, అంకెలు వ్రాయుటకు ఒకరు కావలెను. తక్కిన పెద్దలు అరుగు మీద కూర్చుండి పత్రిక చదువుకొనవచ్చును.