కల్తీ కల్లు - మన మెదడు



పోయిన వారం చదువు అయిపోయినంక ఒక అక్క నన్ను అడిగింది. "టీచరమ్మా, పిల్లల మీద ఒట్టు పెడతడు. పొద్దుగూకంగనే మళ్ళీ కల్లు దుకాణానికి పోతడు. ఆయనకు బుద్ధి లేదా?"

బుద్ధి ఉంది అక్కా. కానీ మెదడు మత్తుకు అలవాటు పడింది. అదెట్లనో చెప్తాను, వినండి.

ఆకలైనప్పుడు బువ్వ తింటే హాయి. పసుపు అమ్మి చేతికి పైసలొస్తే హుషారు. అప్పుడు మెదడులో డోపమిన్ అనే పదార్థం ఊరుతుంది. "ఇది బాగుంది, మళ్ళీ చెయ్యి" అని అది మెదడుకు నేర్పుతుంది.

1954లో కెనడా దేశంలో ఓల్డ్స్, మిల్నర్ అనే శాస్త్రజ్ఞులు ఎలుక మెదడులో సన్నని తీగ పెట్టారు. మీట నొక్కితే చిన్న కరెంటు తగులుతుంది. ఆ సుఖం కోసం ఎలుక గంటకు వందల సార్లు మీట నొక్కింది.

మత్తు కూడా ఆ మీట లాంటిదే. రోజూ తాగితే మామూలు సంతోషాలు చప్పగా అనిపిస్తాయి. దుకాణం దారి కనిపిస్తే చాలు, మెదడు "పద" అంటుంది.

చెట్టు కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. అవి మెదడుకు బ్రేకు వేస్తాయి. రోజూ బయటి బ్రేకు పడితే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. ఒక్కసారే మందు ఆగితే? వాలులో బండి ఉరికినట్టే. చేతులు వణుకుతాయి. నిద్ర రాదు. ఫిట్స్ వస్తాయి. లేనివి కనిపిస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు.

2015 సెప్టెంబరులో ఇదే జరిగింది. కల్తీ కల్లు మీద సర్కారు దాడులు చేసింది. కల్లులో మందు తగ్గింది. మన నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది దవాఖానల పాలయ్యారు. ఆడవాళ్ళు కూడా ఉన్నారు. అది దయ్యం కాదు. మందు ఆగినందుకు మెదడు పడే బాధ.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చిన ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. మంచి పని. కానీ దుకాణం మూస్తే సరిపోదు. తాగిన మెదడుకు వైద్యం కూడా కావాలి.

అందుకే మనిషిని ఇంట్లో కట్టేసి మాన్పించకండి. సర్కారు దవాఖానకు తీసుకపోండి. డాక్టరు చూసి, మందును కొద్దికొద్దిగా తగ్గిస్తాడు. 14446 నంబరుకు ఫోను చేసినా దారి చెప్తారు. పైసలు పడవు.

ఇంకొక మాట. బీడీలు చుట్టి, పసుపు పనికి పోయి, ఒళ్ళు నొప్పులని మనమూ తాగుతున్నాం. సిగ్గుపడి దాచకండి. డాక్టరుకు చెప్పండి.

ఇంటికి పోయి ఈ పాఠం పైకి చదవండి. వినవలసినవాళ్ళు వింటారు.