రోగిని చూడబోయేటప్పుడు



రోగిని పరామర్శించడం, మన ఇయాదత్, సున్నత్. కాదనేదెవరు? అయితే ఆమడగూరు నుంచి కదిరి ఆసుపత్రికి బండి నిండా పోయి, మంచం చుట్టూ గంటలకొద్దీ కూర్చుంటే రోగికది శిక్షే. ఇద్దరు పోండి, దుఆ చేసి రండి. పండ్లబుట్ట కన్నా రక్తం మేలు. 18 ఏళ్ళు నిండి, 45 కిలోలుండే ఆరోగ్యవంతుడు 3 నెలలకొకసారి ఇవ్వొచ్చు.

ఇంకోమాట. ఆపరేషన్‌కు ముందు ఏమీ పెట్టొద్దని నర్సమ్మ చెప్పినా, "పాపం, ఆకలిగా ఉన్నాడ"ని చాటుగా ఇడ్లీ తినిపించే ప్రేమ మనది! మత్తులో వాంతయితే ఆ మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. కనీసం 6 గంటల ముందునుంచే అన్నం, పాలు బంద్. నీళ్ళు కూడా అడిగే ఇవ్వాలి. ఎవరైనా తినిపించి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఆపరేషన్ వాయిదా పడితే పడనీ.