బంపరు నలుపు ఎక్కడికీ పోలేదు

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మీ కారు బంపరు, చక్రాల మీది నల్ల ఫైబరు పట్టీలు, వైపర్ల కింది భాగం తెల్లబడితే రంగు పోయిందంటారు. పోలేదండీ! అది పైన వేసిన పెయింటు కాదు, ప్లాస్టిక్‌లో లోపలిదాకా కలిపిన కార్బన్ నలుపు. ఎక్కడికీ పోదు.

ఇంటికెళ్ళి తడిగుడ్డతో తుడిచి చూడండి. తడి ఉన్నంతసేపు నల్లగా నిగనిగలాడుతుంది. ఆరేకొద్దీ అంచుల నుంచి బూడిద రంగు లోపలికి పాకుతుంది. ఎందుకు? ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ ప్లాస్టిక్‌లోని పాలీప్రొపిలీన్ అణువుల గొలుసుల్ని తెంపేసి, పై పొరలో కంటికి ఆనని పగుళ్ళు పుట్టిస్తాయి. వాటి మీద వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. నీళ్ళు ఆ పగుళ్ళను నింపితే చెదరడం తగ్గుతుంది, అడుగున ఉన్న నలుపు బయటపడుతుంది.

ఇది పట్టుబడితే సగం అపోహలు పోతాయి. కొబ్బరినూనె రాస్తే నల్లబడింది, కిరోసిన్ రాస్తే నల్లబడింది, బూటు పాలిష్ బ్రహ్మాండం అంటారు. అయ్యా, మంచినీళ్ళతో కూడా నల్లబడింది కదా! నాకు తెలిసిన ఒక డ్రైవరు పెళ్ళి ట్రిప్పుకు ముందు రాత్రి బంపరంతా కొబ్బరినూనె పట్టించాడు. పొద్దున ఫొటోల్లో బండి భేషుగ్గా ఉంది. మట్టిరోడ్డు మీద పెళ్ళివారి ఊరు చేరేసరికి దుమ్మంతా అతుక్కుంది, నూనె కారిన చోటల్లా చారలు. రెండు వానలు పడ్డాక మళ్ళీ అదే బూడిద రంగు. కుర్రాణ్ణి ఏమనగలం, నలుగురూ చెప్పిందే చేశాడు. కిరోసిన్, డీజిల్ ఇంకా హాని. ఈ ప్లాస్టిక్‌లో కలిపిన రబ్బరును అవి ఉబ్బిస్తాయి.

పొలాల్లో నల్ల పైపులు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటాయి, బంపరుకేం రోగమని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ పైపు పాలీఎథిలీన్, అందులో 2.5 శాతం అటూఇటూగా కార్బన్ నలుపు ఎండను అడ్డుకుంటుంది. పాలీప్రొపిలీన్ గొలుసులోనేమో కార్బన్ విడిచి కార్బన్‌కు ఒక మిథైల్ కొమ్మ ఉంటుంది. ఆ కొమ్మ మొలిచిన చోటే ఆక్సిజన్‌కు పట్టు దొరుకుతుంది. అందుకే కంపెనీలు ఎండను తట్టుకునే మందులు కలుపుతాయి. కాలం గడిచేకొద్దీ అవి హరించుకుపోతాయి.

వీడియోల్లో హీట్‌గన్ చూసి ఎవరూ మోసపోకండి. పై పొర కరిగి పగుళ్ళు పూడతాయి, నలుపు వస్తుంది, నిజమే. 160 డిగ్రీల దగ్గర ఈ ప్లాస్టిక్ కరుగుతుంది, చెయ్యి ఒక్క క్షణం ఆగితే వంకర పోతుంది. పైగా హరించుకుపోయిన మందు వేడికి తిరిగి రాదు.

ఇక చెయ్యాల్సింది గబగబా చెబుతాను. షాంపూతో కడగండి. పాత మైనం, సిలికాన్ జిడ్డు పోయేదాకా క్లీనరు వేసి మెత్తటి బ్రష్‌తో రుద్దండి. జిడ్డు మీద ఏ కోటింగూ నిలవదు. బాగా ఆరనివ్వండి, పక్కన పెయింటుకు టేపు వెయ్యండి. ఇలాంటి ఫైబరు భాగాలకు వేసే, గట్టిపడే రకం ట్రిమ్ కోటింగునే నీడలో పలచగా పట్టించండి. ఒక రోజు తడి తగలనీయకండి. బాడీకి మైనం పాలిష్ చేసేటప్పుడు ఫైబరుకు అంటనీయకండి, తెల్ల మరకలు పడతాయి. గోరు దిగేంత పగుళ్ళుంటే ఏ సీసా కొన్నా దండగ. ఆ భాగం మార్చండి, లేదా ప్లాస్టిక్ ప్రైమరు కొట్టించి పెయింటు వేయించండి.