తాగుడుకు శిక్ష బియ్యం మీదనా?



"తాగేటోళ్లకు, గంజాయి పీల్చేటోళ్లకు పరీక్ష చేసి రేషన్ బందు పెట్టాలె" అని మన అడిక్‌మెట్ అక్కలే కొందరు అంటున్నరు. ఆ కోపం న్యాయమైనదే. కానీ 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డుల ఇంటి పెద్ద ఆడమనిషి. మనిషికి 6 కిలోల చొప్పున వచ్చే బియ్యం ఇంటిల్లిపాదివి. అవి ఆపితే తాగేటాయన మానడు, పిల్లలు పస్తుంటరు.

అమెరికాలోని ఫ్లోరిడాలో 2011ల పేదల పైసల సాయానికి ఇట్లనే పరీక్ష పెట్టిన్రు. వందల ముగ్గురు కూడా దొరకలే. కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

1992ల దూబగుంట అక్కలు సారా దుకాణాల మీదికి పోయిన్రు, ఎవరి బియ్యం మీదికి పోలే. మనమూ గ్రూపు మీటింగుల మత్తు మాన్పించే 14446 నంబరు అందరికీ రాసిద్దాం. అన్నం గిన్నె జోలికి మాత్రం పోవద్దు.