దిగులు జబ్బుకు బిళ్ల: అది పనిచేసే తీరు



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమంటే మేము షుగరు గురించో, బి.పి. గురించో చెబుతామని చాలామంది అనుకొని ఉంటారు. ఆ రెండు విషయాల్లో మన రుద్రవరంలో ఇప్పుడు అందరూ డాక్టర్లే! మేము ఎంచుకున్నది పైకి చెప్పుకోని జబ్బు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, నమాజులో నిలబడినా మనసు నిలవదు, ఒళ్లో బిడ్డ నవ్వినా తనకు నవ్వు రాదు. కొందరికి ఊరికే గుండెదడ, చెమటలు, ఏదో ముంచుకొస్తున్నదన్న భయం. కష్టం వస్తే దిగులు పడడం అందరికీ ఉన్నదే. కాని అది రెండు వారాలు దాటినా రోజంతా వదలకుండా, పనీ పాటా చేసుకోనీయకుండా ఉంటే జబ్బు కిందే లెక్క.

మన ఇళ్లల్లో దీనికి "ఈమాన్ తక్కువైంది" అంటారు, లేకుంటే "గాలి సోకింది" అంటారు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు, ఒంటికి జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుందని గ్రంథమే రాశారు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం తెలియని దిగులు వేరు అని ఆనాడే విడదీసి చూపారు. దువా చేయించవద్దని మేము అనడం లేదు. చేయించండి, డాక్టరు దగ్గరికి కూడా పొండి అంటున్నాము. షుగరు బిళ్ల మింగేవాడికి ఈమాన్ లేదని ఎవరైనా అంటున్నారా?

ఈ మందులు దొరికిన తీరు కూడా వింతే. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ ఆసుపత్రిలో టి.బి. రోగులకు ఐప్రోనియజిడ్ అనే మందు ఇస్తే, మంచం పట్టినవాళ్లు లేచి హుషారుగా తిరగసాగారు. ఆ తర్వాత దానిని దిగులుకు వాడి చూశారు. దాదాపు అదే కాలంలో స్విట్జర్లాండులో రోలండ్ కూన్ అనే డాక్టరు ఇమిప్రమిన్ గుణాన్ని గుర్తించారు. ఇప్పుడు రాస్తున్న ఫ్లూయాక్సెటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ కూడా అదే జాతివి.

ఇవి ఏం చేస్తాయి? మెదడులోని నరాల కణాల మధ్య సన్నని సందు ఉంటుంది. ఒక కణం సెరటోనిన్ అనే రసాయనాన్ని ఆ సందులోకి వదులుతుంది, అవతలి కణం కబురు అందుకుంటుంది. పని కాగానే వదిలిన కణమే దాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. బిళ్ల ఆ దారికి అడ్డం పడుతుంది. నీళ్లు బయటికి పోయే మడవ కట్టేస్తే మడిలో నీళ్లు నిలిచినట్టు, సెరటోనిన్ సందులో ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇంతవరకు మొదటి రోజే జరుగుతుంది. కాని నీళ్లు కట్టిన రోజే వరి ఈనదు గదా! మెదడు నెమ్మదిగా సర్దుకోవాలి. గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే "సెరటోనిన్ తక్కువైతే దిగులు" అన్న సులువైన లెక్క చాలదు. ఆ లెక్కకు గట్టి రుజువు లేదని 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష కూడా తేల్చింది. అలాగని మందు ఉత్తదేమీ కాదు. 2018లో లాన్సెట్ పత్రికలో 21 మందుల మీద జరిగిన 522 పరీక్షలను కలిపి చూస్తే, అన్నీ ఉత్తుత్తి బిళ్లకంటే మేలు చేశాయి. అందరికీ ఒకే రీతిగా కాదు. ఒకటి పడకపోతే డాక్టరు ఇంకొకటి మారుస్తాడు.

మన వాళ్లు దెబ్బతినేది మొదటి పదిరోజుల్లోనే. వికారం, తలనొప్పి, కొందరికి గాబరా ముందే వచ్చేస్తాయి, మేలు మాత్రం ఇంకా రాదు. "ఈ బిళ్ల పడలేదు" అని పారేస్తారు. ఆ పదిరోజులు గడిపించే పని ఇంట్లోవాళ్లది. ముఖ్యంగా ఇరవై అయిదేళ్ల లోపు పిల్లలకు కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఒక కన్ను వేసి ఉంచండి. చావు మాట ఎత్తినా, బొత్తిగా నిలకడ లేకుండా తిరిగినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. చేనికి తెచ్చిన పురుగుల మందు డబ్బా ఇంట్లో చేతికందేచోట ఉండనే కూడదు.

ఇంకొందరు బాగైన వెంటనే మానేస్తారు. తగ్గిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడమనేది అది మళ్లీ తిరగబెట్టకుండా. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడడం ఉంటాయి. కొద్దికొద్దిగా తగ్గించాలి.

మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకొనే అల్ప్రాజోలం వేరు జాతి. అది గంటలో నెమ్మది ఇస్తుంది, కొన్ని వారాల్లోనే అలవాటు పట్టేస్తుంది. దిగులు బిళ్లలకు ఆ రకం వ్యసనం ఉండదు. రెండూ ఒకటే అనుకొని దీన్ని మాని దాన్ని మింగుతున్నవాళ్లు ఉన్నారు, అదే మా బాధ.

ఏ బిళ్లా అప్పు తీర్చదు, కోడలితో తగవు తీర్చదు. వాటి సంగతి చూసుకొనే ఓపిక తిరిగి వస్తుంది, అంతే. మాటలతో చేసే వైద్యం కూడా ఉన్నది, బిళ్లతో పాటు అది కూడా అడగండి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, దుబారా ఖర్చు వచ్చి ఉంటే అది డాక్టరుకు తప్పక చెప్పండి. అలాంటివారికి ఈ బిళ్ల ఒక్కటే ఇస్తే ఆ హుషారు మళ్లీ ఎగదోయవచ్చు. గర్భిణులు కూడా సొంతంగా ఆపవద్దు.

రంజాన్‌లో ఏం చేయాలని అడుగుతారు. వీటిలో చాలావరకు రోజుకు ఒక్కసారే. సహరీకో, ఇఫ్తార్ తర్వాతకో మార్చుకోవచ్చునా అని నెల ముందే డాక్టరును అడిగి పెట్టుకోండి.

కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం పోయేలోపు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అది. పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు వంటింటి గోడ మీద రాసిపెట్టండి. మన ఆడవాళ్ల కంట పడేది అక్కడే.