భయపెట్టినంత మాత్రాన వేగం తగ్గునా?
(ఢిల్లీలో రైల్వే, తపాలా ఉద్యోగుల భద్రతా సభలో చేసిన ప్రసంగ పాఠం)



2022లో మన దేశపు రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 71 మంది అతివేగానికి బలియైనవారని కేంద్ర రవాణా శాఖ లెక్క. రోడ్డు భద్రతా వారోత్సవం 2021లో మాసోత్సవమైనది. నుజ్జయిన కార్ల బొమ్మలు, మృత్యువును చూపే నినాదాలు ఈ రాజధానిలోనూ కొత్త కావు. వాటిని చూచి యువకుడు వేగం తగ్గించునా? తగ్గించునని మేము నమ్మలేకున్నాము.

1999లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, 18 నుండి 21 ఏండ్ల ఇజ్రాయెల్ సైనికులకు తమ మరణమును గురించి తలపోయవలసిందిగా చెప్పారు. డ్రైవింగే తమ గౌరవమని భావించినవారు ఆ పిమ్మట మరింత దుడుకుగా నడపుటకే మొగ్గినారు. ఇది కొందరికి వింతగా తోచవచ్చును. ఇంట పద్దెనిమిదేండ్ల కుమారుడు, వానికొక మోటారు సైకిలు ఉన్నవారికి తోచదు.

భయము పూర్తిగా నిరర్థకమని మేము అనము. 1965లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ధనుర్వాతపు టీకాను గురించి విద్యార్థులకు భయము గొలిపే కరపత్రములిచ్చారు. చదివినవారు టీకా అవసరమేనని ఒప్పుకొన్నారు. కాని వెళ్లి వేయించుకొన్నవారిలో అధికులు, ఆరోగ్యకేంద్రమునకు దారి చూపే పటము చేతికిచ్చి, ఏ వేళకు వెళ్లుదురో నిర్ణయించుకొమ్మన్నవారే.

రైల్వే సోదరులకు ఇందులో కొత్త ఏమున్నది? పట్టాలు బలహీనముగా ఉన్నచోట లోకో పైలట్‌కు ఎవరూ శవాల బొమ్మ చూపరు. కాషన్ ఆర్డరు ఇస్తారు: ఏ కిలోమీటరు నుండి ఏ కిలోమీటరు వరకు, గంటకెంత వేగము. దారిలో బోర్డు ఉండును. నడిపిన వేగము యంత్రంలో నమోదగును. గ్రేటర్ నోయిడా నుండి ఆగ్రాకు 2012లో తెరచిన యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై శీతకాలపు పొగమంచులో కార్ల పరిమితిని 100 కిలోమీటర్ల నుండి 75కు తగ్గించుట కూడ అటువంటిదే. యువకునికి చెప్పవలసిన లెక్క కూడ చిన్నదే: వేగము 40 నుండి 80కి పెరిగితే, బ్రేకు పట్టిన తరువాత బండి ఆగు దూరము రెండింతలు కాదు, నాలుగింతలగును.

ఇక మెయిల్ మోటారు డ్రైవరు సంగతి. సంచులు ఆలస్యముగా అందించి, రైలు వేళకు మాత్రము స్టేషను చేరవలెనంటే, పోయిన నిమిషములను అతడు రోడ్డుపైననే సంపాదించుకోవలెను. డిపో గోడమీది పోస్టరు అతనిని ఏమి ఆపగలదు? ఆ పోస్టరును ముందుగా షెడ్యూలు వేయువారి గదిలో అంటించవలెను. ప్రతి శాఖయందును మన ప్రతినిధులు ఈ మాసములోనే డ్రైవర్ల వద్ద కూర్చుండి, ఏ ట్రిప్పుకు ఎన్ని నిమిషములు చాలకున్నవో వ్రాసి అధికారులకు అందజేయవలసిందిగా కోరుచున్నాము.